భూమి కదలదు, మిత్తి ఆగదు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో రియల్ ఎస్టేట్ దివాలా ముప్పు

పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలయ్యాయి. అంతకుముందు వలస కూలీల పేరుతోనే రాష్ట్రానికి తెలిసిన ఈ ప్రాంతంలో ఆ తర్వాత ఎవరిని కదిపినా భూమి మాటే. బడి పంతులు, ఎరువుల దుకాణదారు, విత్తన పత్తి ఆర్గనైజరు, రైసుమిల్లు యజమాని, ముంబైలో మేస్త్రీ పని చేసి నాలుగు రాళ్లు వెనకేసుకొచ్చిన మనిషి, అందరూ ఎంతో కొంత నేల మీద పెట్టారు. కొందరు నిజంగానే బాగుపడ్డారు. కొందరి ఇంటి ముందు అప్పులవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఇంకొందరు కోర్టుకు వెళ్లి ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెట్టారు.

ఈ మూడు జిల్లాల్లో భూమి మీద పెట్టుబడి పెట్టినవాళ్లు దివాలా తీయడానికి దారులు ఏమిటి, చట్టం ఎవరిని ఎంతవరకు కాపాడుతుంది, ఎవరు ఏం చేస్తే ముప్పు తగ్గుతుంది అన్నవి ఒక్కచోట పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. చూసినకొద్దీ ఒక సంగతి స్పష్టమవుతుంది. ఇక్కడ భూమి విలువ సున్నా అయి ఎవరూ మునగడం లేదు. డబ్బు అవసరమైన రోజున ఆ భూమి అమ్ముడుపోక, దాని మీద తెచ్చిన అప్పుకు మిత్తి పెరిగి మునుగుతున్నారు. భూమి లేనివాడి దివాలా వేరు, భూమి చేతిలో ఉండగానే వచ్చే దివాలా వేరు. మనం చూస్తున్నది ఈ రెండోది.

ధరలకు ఆధారం ఉంది, కానీ ఎంత?

ఇక్కడి భూముల ధరలు ఊరికే పెరగలేదు. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు చేరిన చోట బీడు భూమి మాగాణి అయింది. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి, అలంపూర్ చౌరస్తాల మీదుగా సాగుతుంది. శ్రీశైలం దారి కల్వకుర్తి, అచ్చంపేటల వైపు నగరం డబ్బును తెచ్చింది. కలెక్టరేట్లు, ఎస్పీ ఆఫీసులు వచ్చాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వీటి చుట్టూ ఇళ్లకు, అద్దెలకు, దుకాణాలకు గిరాకీ రావడం సహజం.

చిక్కు వచ్చింది ఆ తర్వాతి మెట్టు దగ్గర. కళ్ల ముందు కట్టిన రోడ్డుకు ఒక ధర ఉంటుంది, కడతామన్న రోడ్డుకు ఇంకో ధర ఉండాలి. మన దగ్గర రెండింటికీ ఒకే ధర పలికింది. కొల్లాపూర్ దగ్గర సోమశిల వద్ద కృష్ణపై తీగల వంతెనకు 2022లో కేంద్రం ఆమోదం ప్రకటించగానే ఆ దారి పొడవునా బేరాలు మొదలయ్యాయి. ప్రస్తుత ముఖ్యమంత్రి స్వగ్రామం కొండారెడ్డిపల్లి నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలంలో ఉండటం, రంగారెడ్డి జిల్లాలో ఫ్యూచర్ సిటీ ప్రకటన రావడం శ్రీశైలం రోడ్డు మీది బ్రోచర్లకు కొత్త సరుకు అయ్యాయి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరా వంద కోట్లు దాటి 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఆ వార్త చదివిన మనిషికి వనపర్తి పక్కన ఎకరా ఎంత చెప్పినా చవకగానే అనిపించింది. కోకాపేటలో ఐటీ కంపెనీ అద్దె కడుతుంది. పెబ్బేరు శివారు ప్లాటుకు అద్దె కట్టేవాళ్లు లేరు. ఆదాయం లేని ఆస్తికి ధర నిలబడాలంటే రేపు ఇంకొకరు ఎక్కువ ఇచ్చి కొనాలి. ఆ ఇంకొకరు రావడం ఆగిన రోజున ఏమవుతుందో 2023 చివరి నుంచి రాష్ట్రమంతటా చూశాం. అమ్మకాలు మందగించాయి, రిజిస్ట్రేషన్ ఆఫీసుల దగ్గర రద్దీ తగ్గింది, బోర్డుల మీద ధరలు మాత్రం అలాగే ఉన్నాయి. ధర పడిపోలేదని చెప్పుకోవచ్చు. కొనేవాడు లేని చోట ఆ ధరకు అర్థం లేదు.

అప్పు లెక్క కాగితం మీద

ఈ పెట్టుబడి సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? కొంత సొంత కష్టం. మిగతాది చిట్టీ ఎత్తుకున్న డబ్బు, బంగారం కుదువ పెట్టి తెచ్చిన డబ్బు, పంట పేరు మీద తీసుకున్న బ్యాంకు రుణం, అన్నిటికన్నా ఎక్కువగా ప్రోనోటు మీద తెలిసినవాళ్ల దగ్గర తెచ్చిన డబ్బు. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే మామూలు మాట, అవసరం గట్టిదైతే మూడు రూపాయలు. నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం అన్నది అప్పు తెచ్చేటప్పుడు ఎవరూ పైకి అనుకోరు.

ఉదాహరణకు ఒకరు 20 లక్షలు రెండు రూపాయల మిత్తికి తెచ్చి భూమి కొన్నారనుకుందాం. నెలకు మిత్తి 40 వేలు. కట్టగలిగితే సరే. అమ్మినప్పుడు అసలూ మిత్తీ కలిపి ఇచ్చేద్దామనుకుంటే మూడేళ్లకు 14 లక్షల 40 వేలు మిత్తే అవుతుంది. ప్రోనోటు గడువు మూడేళ్లు. గడువు దాటితే కోర్టులో చెల్లదు కాబట్టి అప్పిచ్చినవాడు నోటు తిరగరాయమంటాడు. తిరగరాసిన కొత్త నోటులో అసలు 34 లక్షల 40 వేలు. ఇక మిత్తికి మిత్తి. ఇంకో మూడేళ్లకు, అంటే ఆరో ఏడు నిండేసరికి బాకీ 59 లక్షలు దాటుతుంది. మూడు రూపాయల మిత్తి అయితే అదే 20 లక్షలు ఆరేళ్లలో 86 లక్షల 50 వేలు దాటుతుంది. మొదటి లెక్కలో భూమి ధర ఆరేళ్లలో మూడింతలైతే, పైసా లాభం లేకుండా, అప్పు తీరుతుంది. రెండో లెక్కలో నాలుగింతలు దాటాలి. కొన్నప్పుడు కట్టిన రిజిస్ట్రేషన్ ఖర్చు దీనికి అదనం. 2021 జులై నుంచి తెలంగాణలో అది మొత్తం ఏడున్నర శాతం. మధ్యవర్తుల కమీషను వేరే.

సొంత డబ్బు కొంత, అప్పు ఎక్కువ పెట్టి కొన్నవాళ్ల సంగతి ఇంకా సున్నితం. 5 లక్షలు తనవి, 15 లక్షలు అప్పు పెట్టి 20 లక్షల ప్లాటు కొన్న మనిషికి ధర నాలుగో వంతు తగ్గితే చాలు, తన 5 లక్షలూ పోయినట్టే. ఆపైన జరిగే ప్రతి తగ్గుదలా ఇంటి మీద, నగల మీద, జీతం మీద పడుతుంది. ఇదే మనిషి సొంత 20 లక్షలతో కొని ఉంటే ధర తగ్గినా మనసు కష్టపడేదే తప్ప ఇల్లు కదిలేది కాదు. తేడా అంతా అప్పులోనే ఉంది.

దీనికి తోడు జమానతు. మన ఊళ్లలో ఒకరి నోటుకు ఇంకొకరు జామీను ఉండటం మర్యాద. చిట్టీ ఎత్తుకున్న స్నేహితుడికి ఇద్దరు ఉద్యోగులు సంతకం పెడతారు. అతను వెంచర్‌లో పెట్టి చిక్కుకుంటే జీతాల్లో కోత పడేది ఈ ఇద్దరికి. భూమి ముఖం చూడనివాళ్లను కూడా దివాలా గొలుసులోకి లాగేది ఈ సంతకమే.

అగ్రిమెంట్ మీద అగ్రిమెంట్

ఈ ప్రాంతంలో ఎక్కువ డబ్బు చేతులు మారింది భూమి మీద కాదు, భూమి కాగితం మీద. రైతుకు బయానా ఇచ్చి, మూడు నెలలో ఆరు నెలలో గడువు పెట్టుకుని అగ్రిమెంట్ రాసుకోవడం, గడువు లోపలే ఆ అగ్రిమెంట్‌ను పై లాభానికి ఇంకొకరికి ఇవ్వడం, ఆయన మరొకరికి ఇవ్వడం. మార్కెట్ నడుస్తున్నంతకాలం ఒక్కరు కూడా పూర్తి ధర కట్టకుండా నలుగురు లాభం తింటారు. మార్కెట్ ఆగినప్పుడు చివరన అగ్రిమెంట్ పట్టుకున్నవాడు మిగతా సొమ్ము కట్టలేడు, ఇంకొకరికి ఇవ్వలేడు. రైతు గడువు తీరిందంటాడు. బయానా పోతుంది. ఆ బయానా మిత్తికి తెచ్చింది.

చట్టం దృష్టిలో అమ్మకపు అగ్రిమెంట్ వల్ల భూమి మీద హక్కు రాదు. ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ చెప్పేది ఇదే. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) మీద జరిగే అమ్మకాలతో యాజమాన్యం మారదని 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అగ్రిమెంట్ అమలు చేయించమని దావా వేయడానికి మూడేళ్లే గడువు. ఇక బయానా నగదుగా ఇచ్చి ఉంటే కష్టం రెట్టింపు. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. ఇచ్చినట్టు రుజువు లేని డబ్బును కోర్టులో అడగడం ఎంత కష్టమో అడిగినవాళ్లకే తెలుసు.

వెంచర్ వేసినవాడు ఎందుకు మునుగుతాడు?

కొన్నవాళ్లను ముంచినవాడిగా మనం వెంచర్ యజమానినే చూస్తాం. అందులో మోసగాళ్లు ఉన్నారు. మోసం చేసే ఉద్దేశం లేకుండానే మునిగినవాళ్లూ ఉన్నారు. వాళ్ల డబ్బు ఎలా తిరుగుతుందో చూస్తే కొన్నవాళ్ల ముప్పు కూడా అర్థమవుతుంది.

ప్రైవేటు బిల్డర్లు భూమి కొనడానికి బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. కాబట్టి వెంచర్ వేసేవాడు రైతుకు ఇచ్చే మొదటి డబ్బు బయటి మిత్తికే తేవాలి. ఆ తర్వాత సాగు భూమిని వ్యవసాయేతరంగా మార్చే నాలా మార్పిడి, లేఅవుట్ అనుమతి, రోడ్లు, డ్రైనేజీ, కరెంటు స్తంభాలు. ఇవన్నీ పూర్తి కాకముందే మిత్తి మొదలవుతుంది. అందుకే అనుమతులకు ముందే ప్లాట్లు అమ్మే ప్రీలాంచ్ పుట్టింది. మొదటి వెంచర్‌లో వచ్చిన డబ్బుతో రెండో వెంచర్‌కు భూమి, రెండోదాని డబ్బుతో మొదటిదానికి రోడ్లు. కొత్త కొనుగోలుదారు రావడం ఒక్క ఏడాది ఆగితే మొత్తం నిలిచిపోతుంది. కొత్తకోట, పెబ్బేరుల నడుమ రహదారి దిగి కొంచెం లోపలికి వెళ్తే ఈ నిలిచిపోవడం కంటికి కనిపిస్తుంది. స్వాగత తోరణం ఉంటుంది, వెనక సగం వేసిన మట్టి రోడ్డు, రంగు పోయిన హద్దురాళ్లు, వాటి మధ్య మనిషెత్తు సర్కారు తుమ్మ. తన ప్లాటు ఏదో కొన్నవాడు వచ్చి చూసినా గుర్తుపట్టలేడు.

తెలుగువాళ్లకు ఈ పాఠం కొత్త కాదు. భూములు, ప్లాట్ల ఆశ చూపించి డిపాజిట్లు సేకరించిన విజయవాడ అగ్రిగోల్డ్ సంస్థ 2014-15లో చెల్లింపులు ఆపేసేనాటికి దాదాపు 32 లక్షల ఖాతాల్లో 6,380 కోట్ల రూపాయలు ఇరుక్కున్నాయి. హైదరాబాద్ శివారు అమీన్‌పూర్‌లో ఫ్లాట్ల పేరుతో ప్రీలాంచ్ వసూళ్లు చేసిందన్న ఆరోపణలపై సాహితీ ఇన్‌ఫ్రాటెక్ ఎండీని 2022 డిసెంబరులో పోలీసులు అరెస్టు చేశారు. 2024లో ఈడీ కూడా అరెస్టు చేసింది. దేశం దాటి చూసినా దారి అదే. చైనాలో ఎవర్‌గ్రాండ్ సంస్థ కొనుగోలుదారుల ముందస్తు సొమ్ముతో కొత్త భూములు కొంటూ పోయి, 30 వేల కోట్ల డాలర్లకు పైగా అప్పులతో 2024 జనవరిలో హాంకాంగ్ కోర్టు ఉత్తర్వుతో లిక్విడేషన్‌కు వెళ్లింది. కొనేవాడి అడ్వాన్సే కంపెనీకి పెట్టుబడి అయినప్పుడు, కంపెనీ దివాలా కొనేవాడి దివాలా అవుతుంది.

ఈ మధ్య వచ్చిన బైబ్యాక్ పథకాల్లో ముప్పు ఇంకా ముదిరింది. ఇంత కట్టండి, నెలనెలా ఇంత ఇస్తాం, రెండేళ్లకు మేమే రెట్టింపుకు తిరిగి కొంటాం అన్న మాటలో భూమి పేరు ఉన్నా అది డిపాజిట్టే. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లోనే కేంద్రం చట్టం చేసింది. నెలనెలా వచ్చే ఆ సొమ్ము ఏ పంట నుంచీ ఏ అద్దె నుంచీ రావడం లేదు, తర్వాత చేరినవాళ్ల జేబులోంచి వస్తుంది.

కాగితంలో తేడా ఉంటే ఆస్తి ఉన్నా లేనట్టే

అప్పు తీర్చడానికి భూమి అమ్మబోతే రిజిస్ట్రేషన్ కాదని తెలిసేవాళ్లు ఇక్కడ చాలామంది. ఈ మూడు జిల్లాల భూమికి ఉన్న చరిత్రే ఇందుకు కారణం. గద్వాల, వనపర్తి, జటప్రోలు-కొల్లాపూర్ మూడూ నిజాం కాలపు సంస్థానాలు. ఇనాములు, మక్తాలు, సీలింగ్ మిగులు భూములు, పేదలకు ఇచ్చిన అసైన్డ్ పట్టాలు పక్కపక్కన ఉంటాయి. 1977 నాటి చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదు. నల్లమలలో అమ్రాబాద్ వైపు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్న గ్రామాల్లో 1/70 చట్టం వర్తిస్తుంది. గిరిజనేతరులు అక్కడ కొన్న భూమికి హక్కు రాదు. పులుల అభయారణ్యం అంచున రిసార్టు ప్లాట్లని అమ్మేవాళ్ల మాట వినేముందు ఈ సంగతి గుర్తుండాలి.

ఒక సర్వే నంబరులో కొంత ప్రభుత్వ భూమి ఉంటే మొత్తం నంబరే నిషేధిత జాబితాలో పడిన ఉదంతాలు భూ రికార్డుల పోర్టల్ ధరణి కాలంలో రాష్ట్రమంతటా వచ్చాయి. 2020 అక్టోబరులో వచ్చిన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. దిద్దుబాటుకు దారి తెరిచింది. కానీ దిద్దుబాటు అయ్యేదాకా ఆ భూమి అమ్ముడుపోదు, మిత్తి మాత్రం నడుస్తూనే ఉంటుంది.

అనుమతి లేని లేఅవుట్లది ఇంకో కథ. గ్రామపంచాయతీ అనుమతి అని చెప్పి అమ్మిన ప్లాట్లకు పట్టణ ప్రణాళిక విభాగం (డీటీసీపీ) అనుమతి లేక 2020 ఆగస్టులో రిజిస్ట్రేషన్లు ఆగాయి. క్రమబద్ధీకరణ పథకానికి రాష్ట్రవ్యాప్తంగా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయంటే ఎంతమంది డబ్బు ఇలా ఇరుక్కుందో తెలుస్తుంది. చాలామందికి ఐదేళ్ల తర్వాత, 2025లో 25 శాతం రాయితీతో ఫీజు కట్టే అవకాశం వచ్చినప్పుడు గానీ దారి దొరకలేదు. ఐదేళ్లు అప్పు మీద నెట్టుకురాగలిగినవాళ్లకే ఆ దారి ఉపయోగపడింది. సాగు భూమిని గుంటల లెక్కన ముక్కలు చేసి అమ్మే ఫామ్ ప్లాట్లపైనా ఆంక్షలు వచ్చాయి.

నీటి సంగతి కూడా మరవకూడదు. 2009 అక్టోబరు వరదల్లో అలంపూర్, రాజోలి ప్రాంతాలు మునిగాయి. నది ఒడ్డు, చెరువు శిఖం, జలాశయపు వెనుక జలాల అంచు అందంగానే ఉంటాయి. అక్కడ కట్టడానికి అనుమతి రాదు, బ్యాంకు అప్పు ఇవ్వదు, తెలిసినవాడు కొనడు.

ఐపీ, ఐబీసీ, రెరా: దివాలా తర్వాత ఎవరికి ఏం దక్కుతుంది?

కంపెనీల దివాలాకు 2016లో దివాలా స్మృతి వచ్చింది. దాన్నే ఐబీసీ అంటున్నాం. ఇళ్లు, ప్లాట్లు కొన్నవాళ్లను 2018 సవరణ ఆర్థిక రుణదాతలుగా గుర్తించింది. 2019 ఆగస్టులో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కానీ 2020 తర్వాత కొనుగోలుదారులు పిటిషన్ వేయాలంటే అదే ప్రాజెక్టులో కనీసం 100 మంది గానీ, మొత్తంలో పది శాతం మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది, కలవాలి. బాకీ కనీసం కోటి రూపాయలుండాలి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మరో గీత గీసింది. ఉండటానికి ఇల్లు కొన్నవాళ్లు వేరు, బైబ్యాక్, హామీ లాభాల కోసం డబ్బు పెట్టినవాళ్లు వేరని, రెండో రకంవాళ్లు దివాలా ప్రక్రియ మొదలుపెట్టమని అడగలేరని చెప్పింది. బైబ్యాక్ కాగితం చేతిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఈ తీర్పు సారాంశం తెలుసుకోవాలి.

మన మూడు జిల్లాల్లో అసలు చిక్కు ఇంకో చోట ఉంది. ఇక్కడి వెంచర్లలో చాలా వరకు కంపెనీలు కావు. నలుగురు భాగస్వాములు కలిసి వేసినవి, లేదా ఒక మనిషి పేరు మీద నడిచేవి. వ్యక్తులు, భాగస్వామ్య సంస్థల దివాలాకు సంబంధించిన ఐబీసీ భాగాన్ని కంపెనీ అప్పులకు హామీ ఉన్న వ్యక్తుల విషయంలో తప్ప ఇంకా అమల్లోకి తేలేదు. అందువల్ల మన దగ్గర ఐపీ అంటే వందేళ్లు దాటిన 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే.

ఐపీ నోటీసు అందుకున్న ఇంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. కోర్టు కవరు విప్పితే పిటిషనర్‌గా తెలిసిన మనిషి పేరు, ప్రతివాదులుగా వరసగా అప్పిచ్చినవాళ్ల పేర్లు. అందులో కిరాణా కొట్టు ఆయన ఉంటాడు, పింఛను డబ్బు ఇచ్చిన రిటైర్డ్ ఉద్యోగి ఉంటాడు, బిడ్డ పెళ్లికని దాచిన సొమ్ము ఇచ్చిన ఒంటరి మహిళ ఉంటుంది. ఇంకో పట్టీలో ఆస్తులు, చాలాసార్లు ఒక పాత స్కూటరు, ఇంటి సామాను. కలిపితే అప్పులు కోట్లలో, ఆస్తులు వేలల్లో. అప్పిచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు మొదటిసారి చూసుకునేది కోర్టు వరండాలోనే.

చాలామంది నోటీసు రాగానే డబ్బు పోయినట్టే అనుకుని వదిలేస్తారు. అది తప్పు. ఐపీ వేసినంత మాత్రాన అప్పు మాఫీ కాదు. కోర్టు అతన్ని దివాలాదారుగా ప్రకటించినప్పుడు ఆస్తులన్నీ కోర్టు లేదా రిసీవరు చేతికి వెళ్తాయి. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో సరైన ప్రతిఫలం లేకుండా భార్య పేరు మీదో బావమరిది పేరు మీదో రాసిన ఆస్తులను 53వ సెక్షన్ కింద రద్దు చేయమని అడగవచ్చు. మూడు నెలల్లోపు ఒక్క అప్పులవాడికి మాత్రం కట్టబెట్టిన చెల్లింపులను 54వ సెక్షన్ కింద ప్రశ్నించవచ్చు. మోసం చేసి తెచ్చిన అప్పు దివాలా విడుదలతో తీరిపోదు. ఇవన్నీ అడిగేవాళ్లుంటేనే పనిచేస్తాయి. ఆస్తి తాకట్టు పెట్టుకున్న బ్యాంకు తన తాకట్టు నుంచి తాను రాబట్టుకుంటుంది. చివరన మిగిలేది ప్రోనోటు మీద ఇచ్చినవాళ్లు, ప్లాటు అడ్వాన్సు కట్టినవాళ్లు.

స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా మాటేమిటి? 2016 చట్టం, 2017 నాటి తెలంగాణ నిబంధనల కింద 500 చదరపు మీటర్లు దాటిన ప్రతి లేఅవుట్ నమోదు కావాలి. మన లెక్కలో అది ఐదు గుంటల కన్నా కొంచెం తక్కువే. అంటే ఈ మూడు జిల్లాల్లో వెంచర్ అనదగ్గ ప్రతిదీ దీని కిందికి వస్తుంది. కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టుకే వాడాలి. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. ఈ రెండు నిబంధనలు పాటిస్తే పైన చెప్పిన గొలుసు వెంచర్లు నడవవు. కానీ రెరా శక్తి నమోదుతోనే మొదలవుతుంది. నమోదు కాని వెంచర్‌లో డబ్బు ఎప్పుడో ఖర్చయ్యాక రెరా తిరిగి ఇవ్వమని ఉత్తర్వు ఇచ్చినా, వసూలు చేయడానికి కలెక్టరుకు కూడా ఆస్తి దొరకాలి. దొరకకపోతే ఉత్తర్వు ఉత్తర్వుగానే ఉంటుంది.

వినిపించే వాదనలు, వాటి బలం

భూమి ఎప్పుడూ మోసం చేయదన్నది మొదటి వాదన. అప్పు లేకుండా, మంచి కాగితంతో, పదేళ్లు ఆగగలిగినవాడి విషయంలో ఇది చాలావరకు నిజం. అప్పు తెచ్చినవాడికి ఈ మాట వర్తించదు. అతనికి పదేళ్లు లేవు, నోటు గడువు మూడేళ్లు మాత్రమే ఉంది.

చట్టాలు చాలినన్ని ఉన్నాయన్నది రెండో వాదన. కాగితం మీద నిజమే. రెరా కార్యాలయం హైదరాబాద్‌లో, దివాలా ట్రిబ్యునల్ హైదరాబాద్‌లో. అలంపూర్ రైతు కూలీ నాలుగు లక్షల కోసం ఎన్నిసార్లు తిరగగలడు? దగ్గరున్న జిల్లా కోర్టులో ఉన్నది 1920 నాటి చట్టం. చట్టాల సంఖ్య పెరిగింది, వాటిని అందుకునే దూరం తగ్గలేదు.

రియల్ ఎస్టేట్‌ను గట్టిగా కట్టడి చేస్తే వెనకబడిన ప్రాంతానికి వచ్చే పెట్టుబడి ఆగిపోతుందన్నది మూడో వాదన. ఇందులో ఒక నిజం ఉంది. ఇల్లు కట్టుకోవడానికి, దుకాణం పెట్టుకోవడానికి వచ్చే డబ్బు జిల్లాకు మేలు చేస్తుంది. తుమ్మ పెరిగిన ప్లాట్లలో చిక్కుకున్న డబ్బు ఎవరికీ మేలు చేయలేదు. ఆ డబ్బే విత్తనాలకు, గద్వాల చీరల మగ్గాలకు, పిల్లల చదువులకు అందకుండా పోయింది.

చేయాల్సినవి

ప్రభుత్వాల ముందు మూడు పనులున్నాయి. రెరా నమోదు లేని లేఅవుట్‌లో ఒక్క ప్లాటు కూడా సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ కాకూడదు. ఏ వెంచర్‌కు అనుమతి ఉందో, ఏ సర్వే నంబరు నిషేధంలో ఉందో ప్రతి మండల కార్యాలయం గోడ మీద తెలుగులో రాసి పెట్టాలి. వ్యక్తుల దివాలాకు ఐబీసీలో రాసిపెట్టిన భాగాన్ని కేంద్రం అమల్లోకి తేవాలి. నిజాయితీగా మునిగినవాడికి కొత్త జీవితం, దాచుకున్నవాడికి శిక్ష అన్నది ఆ చట్టం ఉద్దేశం. వందేళ్ల నాటి చట్టంతో రెండూ సరిగా జరగడం లేదు.

ఇప్పటికే అప్పులో ఉన్నవాళ్లకు ఒక మాట. ధర మళ్లీ వస్తుందని నోటు తిరగరాస్తూ పోకండి. ఉన్న రెండు ప్లాట్లలో ఒకటి నష్టానికైనా అమ్మి మిత్తి ఎక్కువ ఉన్న అప్పు ముందు తీర్చండి. అప్పులవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి లెక్క చెప్పండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచిత సలహా దొరుకుతుంది, లోక్ అదాలత్‌లో రాజీ కుదరవచ్చు. అప్పు ప్రాణం కన్నా పెద్దది కాదు. దివాలా అవమానం కాదు, చట్టం ఇచ్చిన ఒక దారి.

కొత్తగా కొనబోయేవాళ్లకు చెప్పేది ఇంకా సూటి. రెరా నంబరు అడగండి, డీటీసీపీ అనుమతి చూడండి. 30 ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు, నిషేధిత జాబితా మీరే చూసుకోండి లేదా మీరు ఫీజు ఇచ్చిన వకీలుతో చూపించుకోండి, అమ్మేవాడి వకీలుతో కాదు. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. నెలనెలా డబ్బు ఇస్తామన్న భూమి దగ్గరికి పోకండి. ఐదేళ్లు అవసరం పడని సొంత డబ్బు ఉంటేనే కొనండి. మిత్తికి తెచ్చిన డబ్బుతో గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూల్‌లోనైనా, ఎంత మంచి భూమి వచ్చినా కొనవద్దు.